డిష్‌వాషర్‌కు కరెంటు కనెక్షన్: తరచుగా అడిగే ప్రశ్నలు

కడప, కర్నూలు, అనంతపురం ఇళ్లలోకి గిన్నెలు కడిగే మిషన్లు వస్తున్నకొద్దీ కరెంటు గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. నీళ్ల పైపు, మురుగు పైపు ఎక్కడ పెట్టాలో అందరూ ముందే చూసుకుంటారు. ప్లగ్గు సంగతి మాత్రం మిషను వంటింటి గడప దాటాక, బిగించడానికి వచ్చిన మనిషి "పవర్ పాయింట్ ఎక్కడుందండీ" అని అడిగినప్పుడే గుర్తుకొస్తుంది. నీళ్లు, ఇనుప ఒళ్లు, రెండు వేల వాట్ల హీటరు ఒకేచోట చేరే వస్తువు ఇది. అందుకే సొంత లైను, నిజమైన ఎర్తు, లీకేజీని పట్టే బ్రేకరు అనే మూడింటి గురించి పట్టుబట్టి రాశాను. ఏ ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్న కిందే పూర్తిగా ఉంటుంది కాబట్టి కావలసినచోటికి నేరుగా వెళ్లవచ్చు. వైరింగ్ పనిని వైర్‌మ్యాన్ పర్మిట్ ఉన్నవారితోనే చేయించాలి. ఏం చేయమని అడగాలో, చేసినది సరిగ్గా ఉందో లేదో ఇంటివారికి తెలియడం కోసమే ఈ జవాబులు.

## కొనకముందు

బోకులు కడిగే మిషనుకు ఎంత కరెంటు కావాలి? మామూలు ప్లగ్గు చాలదా?

చాలదు. ఇళ్లలో వాడే డిష్‌వాషర్లు సాధారణంగా 1800 నుంచి 2400 వాట్ల వరకు తీసుకుంటాయి. అందులో ఎక్కువ భాగం నీళ్లు కాచే హీటరుదే. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లంటే దాదాపు 8.7 ఆంపియర్లు. టీవీకి, సెల్ చార్జరుకు వాడే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్ల కోసం తయారైనది కాబట్టి ఆ బరువును అది మోయలేదు. మన దగ్గర ఇప్పటికీ 15 ఆంప్స్ ప్లగ్గు అనో, పవర్ ప్లగ్ అనో పిలిచే 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గే కావాలి. మిషను తలుపు అంచున గానీ వెనుక గానీ అతికించిన పట్టీ మీద వాట్లు, ఆంపియర్లు రాసి ఉంటాయి. దుకాణంలోనే దాన్ని ఫోటో తీసి ఎలక్ట్రీషియన్‌కు పంపితే పని సగం తేలికవుతుంది.

కనెక్షన్ ఎన్ని రకాలుగా ఇవ్వవచ్చు? అందులో ఏది మంచిది?

నాలుగు మార్గాలున్నాయి. మొదటిది, డీబీ బాక్సు (ఇంట్లోని బ్రేకర్లన్నీ ఉండే పెట్టె) నుంచి మిషను కోసమే విడిగా లైను లాగి, పక్క అరలో 16 ఆంపియర్ల సాకెట్ పెట్టడం. ఇల్లు సొంతదైతే నేను ఎప్పుడూ దీన్నే చెబుతాను. రెండోది, వంటింట్లో ఇప్పటికే ఉన్న పవర్ ప్లగ్గును మిషనుకు కేటాయించడం. ఆ లైనులో వైరు తగినంత మందంగా ఉండి, అదే లైను మీద గ్రైండరు, ఓవెన్ లాంటివి లేకపోతే ఇది సరిపోతుంది. మూడోది, ప్లగ్గు లేకుండా 20 ఆంపియర్ల డబుల్ పోల్ స్విచ్చి (ఫేజు, న్యూట్రల్ రెండింటినీ తెంచేది) ద్వారా నేరుగా కలపడం. ఇందులో వదులయ్యే సాకెట్ బాధ ఉండదు గానీ, రిపేరుకు మిషనును బయటికి లాగాలంటే ఎలక్ట్రీషియన్ రావాల్సిందే. పైగా కంపెనీ ఇచ్చిన ప్లగ్గును కోయాలి కాబట్టి వారంటీ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. నాలుగోది, ఏసీలకు పెట్టే ఎమ్‌సీబీతో (లోడు మించితే పడిపోయే బ్రేకరుతో) కూడిన ఇనుప బాక్సు. పని చేస్తుంది గానీ, సింకు పక్కన చెమ్మ తగిలేచోట తొందరగా తుప్పు పడుతుంది.

ఇంటికి తీసుకున్న లోడ్ సరిపోతుందా? కరెంటు ఆఫీసుకు చెప్పాలా?

కరెంటు బిల్లు మీద మీ కనెక్షన్ లోడ్ కిలోవాట్లలో ఉంటుంది. ఎప్పుడో ఫ్యాన్లు, లైట్లు, ఒక ఫ్రిజ్ ఉన్న రోజుల్లో 1 లేదా 2 కిలోవాట్లకు తీసుకున్న కనెక్షన్ మీదే గీజరు, ఏసీ, బోరు మోటారు వచ్చి చేరిన ఇళ్లు చాలా ఉన్నాయి. డిష్‌వాషర్ ఒక్కటే మరో 2 కిలోవాట్లు. ఒకేసారి నడిచే వస్తువుల వాట్లన్నీ కూడి చూడండి. ఆ మొత్తం బిల్లు మీది లోడ్ దాటుతుంటే అదనపు లోడ్ కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ మూడు జిల్లాలకూ తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థే కరెంటు ఇస్తుంది. లోడ్ పెంచడమంటే డబ్బు కట్టడంతో అయిపోదు. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరు, మెయిన్ స్విచ్చి కూడా ఆ లోడును మోయగలవో లేదో అప్పుడే చూపించుకోవాలి.

మాది అద్దె ఇల్లు. గోడలు పగలగొట్టకూడదంటున్నారు. ఏం చేయాలి?

గోడకు గాడి కొట్టకుండా పీవీసీ పట్టీలోనో, పైపులోనో పైపైనే లైను వేయించవచ్చు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు దాన్ని విప్పుకోవచ్చు, మేకుల రంధ్రాలకు లప్పం పెడితే సరిపోతుంది. డీబీ మరీ దూరమైతే, వాషింగ్ మెషీన్ కోసం ఇచ్చిన పవర్ పాయింట్ దగ్గరే మిషనును పెట్టుకోండి. నీళ్లు, మురుగు పైపు అక్కడ ఎలాగూ ఉంటాయి. రెండు మిషన్లనూ ఒకేసారి నడపకూడదన్న నియమం మాత్రం ఇంట్లో అందరూ పాటించాలి.

కువైట్ నుంచి, అమెరికా నుంచి తెచ్చిన మిషను ఇక్కడ నడుస్తుందా?

కువైట్‌లో 240 వోల్టులు, 50 హెర్ట్జ్ కరెంటు కాబట్టి కడప, రాజంపేట వైపు నుంచి వెళ్లినవారు అక్కడ వాడిన మిషను ఇక్కడా నడుస్తుంది. అయితే దాని ప్లగ్గు చదునైన మూడు ముళ్లది, లోపల ఫ్యూజు ఉన్నది. దాన్ని తీసి మన 16 ఆంపియర్ల ప్లగ్గు వేయిస్తే ఆ ఫ్యూజు రక్షణ పోతుంది కాబట్టి లైనుకు 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ తప్పకుండా ఉండాలి. యూరప్ ప్లగ్గుకు రెండే ముళ్లు కనిపిస్తాయి, ఎర్తు పక్కనున్న రేకుల ద్వారా వెళుతుంది. అలాంటిదాన్ని మన రెండు రంధ్రాల సాకెట్లో పెడితే మిషను నడుస్తుంది గానీ ఎర్తు అందదు. ఇది చాలా ప్రమాదం. అమెరికా మిషను 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌ది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టులు తగ్గించినా హెర్ట్జ్ మారదు కాబట్టి దాన్ని తెచ్చుకోకపోవడమే మేలు.

## వైరింగ్ వేయించేటప్పుడు

వైరు ఏ సైజు వేయించాలి?

రాగి వైరు, 2.5 చదరపు మిల్లీమీటర్లది. దుకాణంలో రెండున్నర ఎమ్ఎమ్ వైరు అంటే ఇస్తారు. ఫేజుకు, న్యూట్రల్‌కు, ఎర్తుకు మూడింటికీ అదే సైజు తీసుకోండి. డీబీ నుంచి వంటింటికి పాతిక మీటర్లకు మించి దూరముంటే 4 చదరపు మిల్లీమీటర్లది వేయించడం మంచిది. లైట్లకు వేసే ఒకటి ఎమ్ఎమ్ వైరు "నడిచిపోతుందిలే" అని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి: 15 మీటర్ల దూరానికి రానూపోనూ 30 మీటర్ల ఒకటి ఎమ్ఎమ్ వైరులో 9 ఆంపియర్లు పారితే, గోడ లోపల సుమారు 44 వాట్ల వేడి పుడుతుంది. రెండున్నర వైరులో అది 18 వాట్లే. మే నెలలో మన గోడలు అసలే కాలుతుంటాయి, ఆ వేడికి ఈ వేడి తోడైతే వైరు తొడుగు ఏళ్లకు ముందే పెళుసుబారుతుంది.

పాత ఇంట్లో అల్యూమినియం వైరింగ్ ఉంది. దానికే కలపవచ్చా?

వద్దు. అల్యూమినియం వేడికి సాగి, చల్లారి ముడుచుకునే కొద్దీ స్క్రూల కింద వదులవుతుంది. రాగితో మెలిపెడితే ఆ అతుకు నల్లబడి కాలుతుంది. పాత వైరింగును అలాగే ఉంచుకున్నా పరవాలేదు, మిషనుకు మాత్రం డీబీ నుంచి మధ్యలో అతుకు లేకుండా కొత్త రాగి లైను రావాలి.

గ్రైండరు ప్లగ్గు నుంచే లూప్ లాగితే పోదా? విడిగా లైను ఎందుకు?

డిష్‌వాషర్ గంట, రెండు గంటలు నడుస్తుంది. ఆ సమయంలో హీటరు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. మీరు అదే లైను మీద ఇండక్షన్ పొయ్యి పెట్టిన క్షణానికి హీటరు కూడా వెలిగితే 17 ఆంపియర్లు దాటుతుంది. ఎమ్‌సీబీ వెంటనే పడిపోదు, కొద్దిపాటి అధిక లోడును అది చాలాసేపు ఓర్చుకుంటుంది. ఆ సేపంతా వేడెక్కేది లూప్ తీసిన చోట సాకెట్ వెనుకనున్న స్క్రూ. విడిగా లైను ఉంటే ఈ ఇబ్బంది ఉండదు. పైగా ఏదైనా లోపం వచ్చినప్పుడు ఆ ఒక్క బ్రేకరును దించి, మిగతా ఇల్లంతా వెలుగుతుండగానే రిపేరు చేయించుకోవచ్చు.

ఎమ్‌సీబీ 16 వేయాలా, 20 వేయాలా? మా ఎలక్ట్రీషియన్ 32 పెడతానంటున్నాడు.

16 ఆంపియర్లది, సి రకం (మోటారు మొదలయ్యే క్షణంలో లాగే ఎక్కువ కరెంటుకు పడిపోనిది). ఎమ్‌సీబీ కాపాడేది మిషనును కాదు, గోడలోని వైరును, సాకెట్‌ను. సాకెట్ మోయగలిగింది 16 ఆంపియర్లు అయినప్పుడు దాని వెనుక 32 పెడితే సాకెట్ కరిగి కాలుతున్నా బ్రేకరు కదలదు. "చిన్నది పెడితే ఊరికే పడిపోతుంది" అనే మాటలో నిజం లేదు. 9 ఆంపియర్ల మిషనుకు 16 పడిపోతుంటే ఎక్కడో లోపం ఉన్నట్టే, ఆ లోపాన్ని వెతకాలి.

ఎమ్‌సీబీ ఉంది కదా, లీకేజీని పట్టే బ్రేకరు ఆర్‌సీసీబీ కూడా ఎందుకు?

ఈ ఒక్క జవాబైనా పూర్తిగా చదవమని కోరుతున్నాను. హీటరు తొడుగు చిట్లి కరెంటు మిషను ఒంటికి వచ్చిందనుకుందాం. అది ఎర్తు వైరు గుండా భూమిలోకి పోవాలి. మీ ఎర్తు గుంత నిరోధం 20 ఓములైతే పారే కరెంటు 230ని 20తో భాగిస్తే వచ్చే 11.5 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీకి అది మామూలు లోడులాగే కనిపిస్తుంది, ఎంతసేపైనా పడదు. మిషను తలుపు మాత్రం కరెంటుతోనే ఉంటుంది. గుంత చక్కగా ఉండి 5 ఓములు వచ్చినా 46 ఆంపియర్లే పారతాయి. దానికి ఎమ్‌సీబీ పడటానికి కొన్ని సెకన్లు పడుతుంది. తడి చేతులతో గిన్నెలు సర్దుతున్న మనిషికి అన్ని సెకన్లు లేవు.

ఆర్‌సీసీబీ చూసేది వేరు. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అన్నదే దాని లెక్క. 30 మిల్లీఆంపియర్లు, అంటే ఆంపియరులో 3 శాతం, దారి తప్పినా అది రెప్పపాటులో లైను తెంచుతుంది. కొనేటప్పుడు దాని మీద 30 ఎమ్ఏ అని ఉందో లేదో చూడండి. 100, 300 ఉన్నవి మనుషులను కాపాడవు. ఇన్వర్టర్ మోటారు ఉన్న కొత్త మిషన్లకు ఎ రకం ఆర్‌సీసీబీ తగినది. డీబీలో చోటు లేకపోతే ఎమ్‌సీబీ, ఆర్‌సీసీబీ రెండు పనులూ చేసే ఆర్‌సీబీఓ ఒకటి ఈ లైనుకు వేయించవచ్చు. దాని మీది టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి, పడిపోతోందో లేదో ఇంటివారే చూసుకోవచ్చు.

బల్బు పెట్టి చూస్తే వెలిగింది, ఎర్తింగ్ బాగుందన్నారు. నమ్మవచ్చా?

నమ్మకూడదు. 100 వాట్ల ఫిలమెంటు బల్బు తీసుకునేది అర ఆంపియరు కన్నా తక్కువ. గుంత 50 ఓములతో పనికిమాలినదై ఉన్నా, అంత కొద్ది కరెంటుకు సుమారు 20 వోల్టులే తగ్గుతాయి కాబట్టి బల్బు దేదీప్యమానంగానే వెలుగుతుంది. ఎర్తు వైరు తెగిపోలేదని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది. గుంత ఎంత బాగుందో తెలియాలంటే ఎర్త్ టెస్టరుతో ఓములు కొలవాలి. ఇంటికి 5 ఓముల లోపు వస్తే బాగుందనుకోవచ్చు.

మా నేల ఎండిపోయి ఉంటుంది. ఎర్తింగ్ ఎలా నిలుస్తుంది?

అనంతపురం వైపు ఎర్రనేలల్లో, రాయి తొందరగా తగిలే చోట్ల ఇది నిజంగా పెద్ద సమస్య. పొడి నేల కరెంటును సరిగ్గా మోయదు. వర్షాకాలంలో బాగున్న గుంతే ఏప్రిల్ వచ్చేసరికి చెడిపోతుంది. గుంత రెండున్నర మీటర్ల లోతైనా ఉండాలి, పైపు చుట్టూ ఉప్పు, బొగ్గు పొరలుగా నింపాలి, పైన నీళ్లు పోయడానికి గరాటు ఉండాలి. ఎండాకాలం వారానికి రెండు మూడు సార్లు ఓ బిందెడు నీళ్లు పోయండి. గుంతను పెరట్లో గిన్నెలు తోమే చోటో, తులసి కోట దగ్గరో, తడి ఎప్పుడూ ఆరనిచోట తవ్వించుకున్న ఇళ్లలో ఎర్తు ఏళ్ల తరబడి నిలుస్తుంది. బండ తగిలి లోతు దొరకకపోతే రెండు గుంతలు కాస్త ఎడంగా తవ్వి కలపాలి. అప్పటికీ ఓములు దిగకపోతే ఆర్‌సీసీబీ లేకుండా మిషను నడపకండి.

ఎర్తు లేదని న్యూట్రల్‌నే ఎర్తు రంధ్రానికి కలిపారు. పరవాలేదా?

ఇది ప్రాణం మీదికి తెచ్చే పని. వెంటనే విప్పించండి. అలా కలిపాక న్యూట్రల్ ఎక్కడైనా, వీధి స్తంభం దగ్గరో, మీటరు దగ్గరో, ఊడిందంటే మిషను ఒంటికి పూర్తి 230 వోల్టులు వస్తాయి. మిషను ఆగిపోయి ఉంటుంది కాబట్టి కరెంటు లేదనుకుని మీరు ధైర్యంగా ముట్టుకుంటారు.

మా వంటగట్టు కింద అన్నీ కడప బండలే. సాకెట్ ఎక్కడ పెట్టాలి, వైరు ఎలా తేవాలి?

సాకెట్ మిషను వెనుక ఉండకూడదు. అక్కడ ఉంటే మిషను గోడకు ఆనదు, పైపు కారితే నీళ్లు దాని మీదే పడతాయి, అవసరానికి ప్లగ్గు చేతికి అందదు. పక్క అరలో, నేల నుంచి ఒకటిన్నర అడుగుల ఎత్తున, సింకు పైపుల అతుకులకు కింద కాకుండా పెట్టించండి. పండగలకూ శుక్రవారాలకూ బిందెలతో నీళ్లు పోసి వంటిల్లు కడిగే అలవాటు మనకు ఉంది కాబట్టి నేలకు దగ్గరగా ఏ సాకెట్ ఉండకూడదు. దాన్ని ఆపే స్విచ్చి గట్టు పైన, చేతికి అందేలా ఉంటే ఇంకా మంచిది.

అరల మధ్య నిలబెట్టిన బండకు రంధ్రం వేయాలి. సుత్తి, ఉలితో కొడితే నాపరాయి పొరలుగా లేచి చీలుతుంది. నీళ్లు పోస్తూ వజ్రపు కోర్ బిట్టుతో, పెద్ద ప్లగ్గు దూరేంత వెడల్పున తొలిపించండి. ఆ తర్వాత చాలామంది మరిచిపోయే పని ఒకటుంది. కోసిన బండ అంచు కత్తిలా ఉంటుంది. మిషను తిరిగినప్పుడల్లా వచ్చే సన్నని అదురుకు కార్డు ఆ అంచు మీద రాసుకుని, కొన్నాళ్లకు తొడుగు తెగి లోపలి రాగి బయటపడుతుంది. అందువల్ల రంధ్రంలో చిన్న పీవీసీ పైపు ముక్కనో, రబ్బరు బుష్షునో తొడిగి, దాని గుండానే కార్డు తీయాలి.

మాది పాత రాతి మిద్దె. గోడకు గాడి కొట్టవచ్చా?

మట్టితో కట్టిన రాతి గోడకు గాడి కొడితే మట్టి రాలుతూనే ఉంటుంది, పైపు పట్టు నిలవదు, వానలకు చెమ్మ లోపలికి దిగుతుంది. గోడ మీదనే గట్టి పీవీసీ పైపును క్లిప్పులతో బిగించి లైను తీయించడం అన్నివిధాలా మేలు. చూడటానికి అంత అందంగా ఉండదు గానీ, ఎప్పుడైనా వైరు మార్చాలంటే గోడ జోలికి పోనక్కరలేదు.

## బిగించే రోజు

ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి ప్రస్తుతానికి నడుపుకోవచ్చా?

నడపకండి. బజారులో దొరికే ఎక్స్‌టెన్షన్ బాక్సుల వైరు ఇంత లోడుకు సన్నం, లోపలి ఇత్తడి రేకులు పలుచన, పైగా సింకు కింద నేల మీద పడి ఉంటుంది. పెద్ద ప్లగ్గును చిన్న సాకెట్లో పెట్టించే కన్వర్టరు కూడా అంతే ప్రమాదం. లైను సిద్ధమయ్యేదాకా మిషను పెట్టెలోనే ఉండనివ్వండి.

కార్డులో నీలం వైరు, గోడలో నీలం వైరు రెండూ ఒకటేనా?

కాకపోవచ్చు. మిషను కార్డులో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చార ఉన్నది ఎర్తు. మన గోడల్లో మాత్రం ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులకు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్తుకు వాడటం వాడుక. త్రీఫేజ్ కనెక్షన్ ఉన్న ఇంట్లో గోడ నుంచి వచ్చే నీలం వైరు ఫేజు కావచ్చు. రంగును రంగుతో కలిపేవారు ఇక్కడే పొరబడతారు. రంగును బట్టి పోకుండా, ముందు మీటరుతో ఏది ఏదో తేల్చుకుని తర్వాతే స్క్రూ బిగించమని చెప్పండి.

కార్డు పొట్టిగా ఉంది. అతికించి పొడవు చేయవచ్చా?

వద్దు, టేపు చుట్టిన అతుకు చెమ్మకు నిలవదు. సాకెట్‌ను దగ్గరికి తేవాలి, లేదా కంపెనీ సర్వీసు వారితో పొడవైన కార్డు వేయించాలి.

మొదటిసారి ఆన్ చేసే ముందు ఏమేమి చూడాలి?

సాకెట్ దగ్గర ఫేజు-న్యూట్రల్ మధ్య, ఫేజు-ఎర్తు మధ్య వోల్టులు కొలిపించండి. రెండూ దగ్గరదగ్గరగా రావాలి. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే ఈ సాకెట్‌కు కరెంటు పోవాలి. చాలా ఇళ్లలో ఆర్‌సీసీబీ ఉంటుంది గానీ కొత్తగా వేసిన లైను దాని కిందకు రాకుండా నేరుగా మెయిన్‌కు కలిసి ఉంటుంది. తర్వాత గిన్నెలు పెట్టకుండా, వేడి నీళ్ల ప్రోగ్రామ్ ఒకటి పూర్తిగా నడపండి. అది నడుస్తుండగా అరగంటకోసారి ప్లగ్గు మీద చెయ్యి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి తీసేయాలనిపిస్తే ఆపేయాలి.

## వాడకం మొదలయ్యాక

మధ్యలో ఆర్‌సీసీబీ పడిపోతోంది. తీసేయమంటున్నారు.

తీయించవద్దు. ఎప్పుడు పడుతోందో గమనించండి. మొదలైన కాసేపటికి, నీళ్లు వేడెక్కే సమయంలోనే ప్రతిసారీ పడుతుంటే హీటరులో లీకేజీ మొదలైనట్టు అనుమానించాలి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, అది హీటరు మీద గట్టిగా పేరుకుని దాని ఆయుష్షును తినేస్తుంది కాబట్టి మిషనులో నీళ్ల సున్నాన్ని తగ్గించడానికి వేసే ఉప్పు అయిపోకుండా చూసుకోవడం కరెంటు భద్రతకూ సంబంధించిన పనే. మిషను కొత్తదై, మొదటి రోజు నుంచే పడుతుంటే వైరింగును చూడాలి. ఈ లైను న్యూట్రల్‌ను ఆర్‌సీసీబీ దాటి వేరే లైను న్యూట్రల్‌తో కలిపి ఉంటే, ఏ లోపం లేకపోయినా అది పడుతూనే ఉంటుంది.

ప్లగ్గు ఒక పక్క నల్లబడింది. సాకెట్ మారిస్తే చాలా?

నల్లబడిందంటే అక్కడ పట్టు వదులైందని అర్థం. వదులైన చోట అర ఓము నిరోధం వచ్చినా 9 ఆంపియర్లకు 40 వాట్ల వేడి పుడుతుంది. అంటే ఒక సోల్డరింగ్ ఐరన్‌ను సాకెట్ లోపల పెట్టి వదిలేసినట్టే. సాకెట్ ఒక్కటే మారిస్తే చాలదు. కాలిన ప్లగ్గు ముల్లు కొత్త సాకెట్‌ను కూడా పాడు చేస్తుంది కాబట్టి రెండూ మార్చాలి. వెనుక వైరు చివర నల్లబడినంత మేర కోసి, మెరిసే రాగి కనిపించాకే బిగించాలి. ఐఎస్ఐ గుర్తున్న సాకెట్ తీసుకోండి.

తలుపు ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోంది. అది మామూలేనా?

మామూలు కాదు. మిషను లోపలి కరెంటు ఫిల్టరు (మురికిని పట్టే జాలీ కాదు, కరెంటులోని అలజడిని ఆపే చిన్న భాగం) నుంచి ఎర్తుకు పోవాల్సిన అతి కొద్ది కరెంటు, ఎర్తు అందక మీ గుండా పోతోంది. ఆ జివ్వు దానంతట అది చంపదు గానీ, మీ సాకెట్‌కు ఎర్తు లేదని స్పష్టంగా చెబుతోంది. రేపు నిజమైన లీకేజీ వస్తే దానికి కూడా మీరే దారి. చెప్పులు వేసుకుని వాడటం, కింద పీట వేసుకోవడం పరిష్కారం కాదు. డీబీలో బ్రేకరు దించి, ప్లగ్గు తీసి, ఎర్తు బాగుచేయించేదాకా వాడకండి.

మాకు సాయంత్రాలు లో-వోల్టేజీ. స్టెబిలైజర్ పెట్టాలా?

ముందు మిషను నడుస్తుండగా సాకెట్ దగ్గర వోల్టులు కొలవండి. 200 పైన ఉంటే సాధారణంగా అక్కరలేదు, మీ మిషను పుస్తకంలో ఇచ్చిన హద్దుతో సరిచూసుకోండి. 180కి పడితే 2000 వాట్ల హీటరు 1225 వాట్లే ఇస్తుంది కాబట్టి గిన్నెలు కడగడం చాలాసేపు సాగుతుంది. ఇలాంటిచోట రాత్రి పొద్దుపోయాక నడపడమే సులువైన దారి. స్టెబిలైజర్ తప్పదనుకుంటే 3 కేవీఏకు తక్కువ తీసుకోవద్దు.

నన్ను అడిగితే తక్కువ వోల్టేజీ కన్నా ఎక్కువ వోల్టేజీకే జాగ్రత్త పడాలంటాను. వీధిలో న్యూట్రల్ తెగితే ఇళ్లలోకి 300 వోల్టుల పైన రావచ్చు, మిషను బోర్డు ఆ క్షణంలోనే కాలిపోతుంది. వోల్టేజీ హద్దు దాటగానే లైను తెంచే ప్రొటెక్టర్‌ను డీబీలో పెట్టించుకోవడం మంచి ఖర్చు. న్యూట్రల్ తెగినట్టు అనిపిస్తే మెయిన్ దించి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.

కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడుస్తుందా?

నడవదు. ఇళ్లలో ఉండే 700 నుంచి 1100 వీఏ ఇన్వర్టర్లు 2000 వాట్ల హీటరును మోయలేవు. ఇన్వర్టర్ లైనుకు ఈ సాకెట్‌ను అసలు కలపకూడదు. కరెంటు వచ్చాక చాలా మిషన్లు ఆగినచోటి నుంచే మొదలవుతాయి. ఆలోపు మిషను తలుపు తెరవకపోతే నీళ్ల వేడి కొంత నిలుస్తుంది.

ఉరుములు, మెరుపులప్పుడు స్విచ్చి ఆపితే చాలా?

చాలదు, ప్లగ్గు తీయాలి. స్విచ్చి ఒక్క ఫేజునే తెంచుతుంది, న్యూట్రల్ గుండా కూడా ఉప్పెనలా వోల్టేజీ రావచ్చు. చేతికి అందేచోట సాకెట్ ఉండాలనడానికి ఇదొక కారణం. ఇల్లు ఊరి చివర, స్తంభాల లైను మొదట్లో ఉన్నవారు డీబీలో సర్జ్ ప్రొటెక్టర్ వేయించుకోవచ్చు. అది పనిచేయడానికి కూడా మంచి ఎర్తే ఆధారం.

బిల్లు ఎంత పెరుగుతుంది? సోలార్ ఉంటే లాభమా?

ఒక కడుగుడుకు ఎంచుకున్న ప్రోగ్రామ్‌ను బట్టి సుమారు ఒక యూనిట్ అవుతుంది. రోజూ నడిపితే నెలకు 30 యూనిట్లు. మన బిల్లు స్లాబుల లెక్క కాబట్టి, పై స్లాబు అంచున ఉన్న ఇళ్లకు ఆ 30 యూనిట్లు ఎక్కువ ధరకే పడతాయి. ఎకో ప్రోగ్రామ్ సమయం ఎక్కువ తీసుకున్నా నీళ్లను తక్కువ వేడి చేస్తుంది కాబట్టి యూనిట్లు తగ్గుతాయి. ఇంటి మీద సోలార్ పలకలున్నవారు మధ్యాహ్నం పూట నడుపుకుంటే ఆ కరెంటు అక్కడికక్కడే వాడుకున్నట్టవుతుంది. అయితే బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన సోలార్, వీధిలో కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది. ఎండ కాస్తోంది కదా అని ఆ సమయంలో మిషను నడవదు.